రైవల్ అనే మాటకు వేరు

మరిది నాగేంద్రబాబు పేరెత్తితే రాఘవమ్మకు ఒళ్ళు మంట. మామూలు మంటా అది! గుంటూరు కాలేజీలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి, రిటైరై ఊళ్ళోకి దిగిన పెద్దమనిషి. ఏ మాట చెవిన పడ్డా దాని వేరు లాటిన్‌లో ఎక్కడుందో తవ్వి చూపించందే వదలడు. ఆయనగారి చదువు కోసం ఆమె మొగుడు యలమందయ్య పొలంలో నడుం విరగ్గొట్టుకున్నాడు, ఆమె గుంటూరు బస్సులో క్యారేజీలు పంపింది. ఆ తిన్నదంతా ఏమైందయ్యా అంటే, నోటికే పట్టింది.

కూరలో ఉప్పెక్కువైందంటే శాలరీ అనే మాట ఉప్పులోంచే పుట్టిందంటాడు. అన్న ఆఖరి ఊపిరి లాగుతుంటే, హాస్పిటల్ అంటే అసలు అతిథుల మాట అని నర్సుకు పాఠం చెప్పాడు. రాఘవమ్మ దాన్ని ఈ జన్మకు మరిచిపోదు.

పై చేను మరిదిది, కింది చేను ఆమెది. రెంటికీ సాగర్ నీళ్ళు తెచ్చేది ఒకటే పిల్లకాలువ. ఆమె మిరప పూత మీదుంది. ఈ తడి అందకపోతే తోట పోయినట్టే, ఆమె బతుకూ పోయినట్టే. వంతు ఆమెదే. అయినా నాగేంద్రబాబు కాలువకు ఇసుక బస్తాలు అడ్డం వేయించి, నీళ్ళన్నీ తన చేలోకి మళ్ళించుకున్నాడు.

ఆమె వెళ్ళి అతని అరుగు ముందు నిలబడింది. "నా వంతు నీళ్ళు నాకొదులు నాగేంద్రా. నేనేమన్నా నీకు పగదాన్నా?"

అతని మొహం వెలిగిపోయింది. "పగ అంటే గుర్తొచ్చింది వదినా! పగవాణ్ణి ఇంగ్లీషులో రైవల్ అంటారు. లాటిన్‌లో రీవుస్ అంటే కాలువ. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళన్నమాట. అచ్చం మనమే!"

"సంతోషం. బస్తాలు తీయించు."

"నా చేను తడవనీ. ముందు మాట ఎంత చక్కగా ఉందో చూడు."

చక్కదనమట, వీడి మొహం! తెల్లారి వెళ్తే ఆ మాటే మళ్ళీ చెప్పాడు. బస్తాలు తీసేనాటికి పైన అధికారులు కాలువకే నీళ్ళు ఆపేశారు. పూత రాలింది, చెట్లు నిలువునా ఎండిపోయాయి.

ఎండిన చెట్టొకటి వేరుతో సహా పీక్కొచ్చి అతని ఒళ్ళో పడేసింది రాఘవమ్మ. "దీని వేరు కూడా చూడు నాయనా. వేళ్ళు తవ్వడం నీకు బాగా తెలుసుగా."

నాగేంద్రబాబు పంచె మీది మట్టి దులుపుకున్నాడు. "వేరును రూట్ అంటారు వదినా. అది మాత్రం లాటిన్ మాట కాదు."

"థూ!" అంది రాఘవమ్మ, బజారంతా వినేలా. "ఇది తెలుగు మాటే. వేరు వెతుక్కోనక్కర్లేదు."