మేకలను పిలిచిన గొంతు

తమిళనాడులో పెన్నాగరం నుంచి ధర్మపురికి వచ్చే బస్సును, నేను చెయ్యెత్తినా ఆపకుండా అంత దూరం నన్ను పరిగెత్తించిన కండక్టరును ఇప్పటికీ క్షమించలేదు. ఆ రోజు బస్సంతా వినేలా వాడిని తమిళంలో కడిగేసి, తెలుగులో గొణుక్కుంటూ కూర్చున్నాను.

మెడకు తువ్వాలు చుట్టుకొని పక్కన కూర్చున్నాయన నా చెయ్యి తట్టినాడు.

"తెలుగోళ్ళా అన్నా? మంచి గొంతు నీది." ఆయన మాటలో గొంతు లేదు, ఉత్త గాలే వస్తోంది.

"ఆ కండక్టరుతో చెప్పు," అన్నాను.

"నాకు గొంతులో గడ్డ. రేపు ఆపరేషన్ చేసి గొంతే తీసేస్తారంట. మా మేకలు పిలిస్తేనే ఇల్లు చేరతాయి. ఈ ఫోన్లో రికార్డయ్యేలా ఒకసారి పిలిచిపెట్టన్నా."

ఎట్లా పిలవాలో గుసగుసగా చెప్పినాడు. "దా దా దా, ఇంటికి దా," అని పిలిచినాను. ఆయన ఫోను చెవికి ఆనించుకొని విని, తల అడ్డంగా ఊపినాడు.

"కోపంగా ఉందన్నా. ఇట్ల పిలిస్తే అవి రావు."

రెండోసారి నాకు చేతనైనంత మెత్తగా పిలిచినాను. కళ్ళు మూసుకొని విన్నాడు. ఫోను జేబులో పెట్టుకొని ఆస్పత్రి దగ్గర దిగిపోయినాడు.

పెన్నాగరం కొండల్లో ఎక్కడో, పొద్దుగూకే వేళ నా గొంతు పిలుస్తూ ఉంటుంది. మేకలు వస్తున్నాయో లేదో నాకు తెలియదు.