బలద్ గేటు దగ్గర మూడు రాళ్ళు

జెద్దాలో దిగేసరికి ఉదయం ఆరు. అభా కొండల చలికి వేసుకున్న స్వెటర్ ఒంటి మీదే ఉంది. ఇక్కడి గాలి తడిబట్టలా ముఖానికి అంటుకుంది. మిలిట్రీలో పదిహేడేళ్ళు చేసి, సౌదీలోని అభాలో సెక్యూరిటీ గార్డునయ్యాను. ఆర్డర్: జెద్దాలో ఒక గోడౌనుకు పది రోజుల కాపలా. శుక్రవారం సెలవు.

నా కూతురు జెద్దాలోనే ఒక ఇంట్లో పనిచేస్తోంది. చూసి రెండేళ్ళు. శుక్రవారం వాళ్ళ మేడం పిల్లల్ని బలద్‌కు, అంటే పాత బస్తీకి తీసుకొస్తుంది. నాలుగు నుంచి నాలుగున్నర దాకా కూతురు గేటు దగ్గర నిలబడొచ్చు. పనిలో తన దగ్గర ఫోన్ ఉండదు. ముందురోజే చెప్పింది: "నాయనా, గేటు కాడే ఉండు. యాడికీ పోవాకు."

మా హైదరాబాదీ డ్రైవర్ మూడుంపావుకు దించాడు. కొత్త చోట ముందు నేల చూసుకోవాలి. అది నాకు పట్టిన జబ్బు. గేటు దాటి సందుల్లోకి వెళ్ళాను. ప్రతి మలుపులో గోడవార మూడు రాళ్ళు పేర్చాను, కొండల్లో గస్తీ తిరిగినప్పటిలా. సెలవులకు వచ్చినప్పుడు కూతురికీ నేర్పాను: మూడు రాళ్ళుంటే మనవాళ్ళు వచ్చినట్టు.

మూడు నలభైకి వెనక్కి తిరిగాను. రాళ్ళు లేవు. ఇళ్ళన్నీ ఒకటే. తెల్లగోడ, ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీ. అక్షరాలు బ్యారక్‌లో నేర్చినవాణ్ణి, అరబ్బీ బోర్డులు నాకు గీతలే. ఒకే పిల్లి మూడుసార్లు ఎదురైంది. మూడు పిల్లులేమో.

డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

"ఏడున్నవ్ చాచా?"

"కిటికీ కింద."

"ఆడ అన్నీ కిటికీలే! మ్యాప్ చూడు."

"నాకు మ్యాప్ నేర్పుతావా? మంచులో పోస్టులు ఎతికినోణ్ణి."

"మంచు సంగతి తర్వాత. నాలుగు ఇరవై అయింది."

తర్వాతి మలుపులో బంగ్లాదేశ్ స్వీపర్ కనిపించాడు. రాళ్ళ గురించి హిందీలో అడిగాను. తన చెత్తబండి చూపించాడు.

"సబ్ ఉఠా లియా, చాచా. సఫాయీ."

తిట్టబోయి ఆగాను. అతని పని అతను చేశాడు. "గేట్. జల్దీ" అన్నాను. చీపురు చేతిలో ఉండగానే నాకు దారి చూపిస్తూ నడిచాడు.

గేటు చేరేసరికి నాలుగు ముప్పై ఆరు. నల్ల అబాయాలు, అంటే బురఖాలు, వేసుకున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కూతుర్ని పేరు పెట్టి పిలిచాను. ఒక్కరూ తిరగలేదు. గోడవార మూడు రాళ్ళున్నాయి. అక్కడ నేను పెట్టలేదు. పక్కనే ఖర్జూరాల పొట్లం.

స్వీపర్ అలవాటుగా చీపురు చాచాడు. నా ముఖం చూశాడు.

కూతురు తర్వాత ఫోన్‌లో ఒకటే అడిగింది: "రాళ్ళు చూసినావా, నాయనా?"

పదకొండో రోజు అభా బస్సెక్కాను. ఇప్పుడు సౌదీ వదిలి ఇంటికొచ్చేశాను. జెద్దా అంటే నాకు కనిపించేది ఒకటే. ఆ స్వీపర్ వంగి, రాళ్ళకు చీపురు తగలకుండా, చుట్టూ దుమ్ము ఊడుస్తున్నాడు.