మిరపచేలో గ.సా.భా. నేర్పిన టీచరు గారు

మంగళవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూస్తుంటే ఫోన్ వచ్చింది. మా చర్చి సంఘ పెద్ద గారి భార్య చేశారు. "మన లెక్కల టీచరు గారు పోయారమ్మా. తెల్లవారుజామున, నిద్రలోనే," అన్నారు. సరేనండీ అని ఫోన్ పెట్టేశాను. తూకం మీదున్న పాపను దించి, బరువు రిజిస్టరులో రాశాను. సరిగ్గా రాశానో లేదోనని మళ్లీ చూసుకున్నాను. సరిగ్గానే రాశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

నేను అద్దంకి దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పదేళ్ల కిందట మిరప కోతలకు వెళ్లే మనిషిని. పదో తరగతి లెక్కల్లో తప్పాక పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పుస్తకాల సంగతే మర్చిపోయాను. టీచరు గారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక మా పేటలోనే ఉన్న తల్లిగారి ఇంటికి వచ్చారు. ఆ తల్లి కూడా కోతలకు వెళ్లి కూతుర్ని చదివించిన మనిషే.

ఒక మధ్యాహ్నం ఆవిడ మా గుమ్మంలో నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీకు లెక్కల్లో ఎన్ని మార్కులు తగ్గాయి?"

"ఏడండి."

"ఏడేగా. మన ఊరి అంగన్‌వాడీ ఆవిడ రెండేళ్లలో రిటైరవుతుంది. ఆ ఉద్యోగానికి పది పాసైన మనిషి కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలోకి రా."

"నాకు లెక్కలు రావండి."

"రావని ఎవరు చెప్పారు?"

"మార్కులే చెప్పాయి కదండీ."

"అవి ఆ ఒక్క రోజు సంగతి చెప్పాయి," అని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఎనిమిది మందిమి పోగయ్యాం. ఆవిడ మొదలుపెట్టింది గరిష్ఠ సామాన్య భాజకంతో. రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే వాటిల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో కనుక్కోవడం. పన్నెండుకీ పద్దెనిమిదికీ ఆరని ఎక్కాల మీద చెప్పేశాం. సంబరపడ్డాం కూడా. అప్పుడు బోర్డు మీద రెండు సంఖ్యలు రాశారు. 391, 299.

నేను రెండుతో చూశాను, మూడుతో చూశాను, ఐదుతో, ఏడుతో చూశాను. ఏదీ పోలేదు. "వీటికి ఒకటి తప్ప ఉమ్మడిగా ఏమీ లేదండి," అన్నాను.

"వెతకడం మానేసి లేదనకు. పెద్దదాన్ని చిన్నదాంతో భాగించు. ఎంత మిగిలింది?"

"తొంభై రెండు."

"ఇప్పుడు ఆ తొంభై రెండుతో 299ని భాగించు."

మూడుసార్లు పోయి ఇరవై మూడు మిగిలింది. ఇరవై మూడుతో తొంభై రెండుని భాగిస్తే సరిగ్గా నాలుగుసార్లు పోయింది. శేషం సున్నా.

"అదే. ఆ ఇరవై మూడే," అన్నారు. నమ్మకం కుదరక రెండు సంఖ్యల్నీ ఇరవై మూడుతో భాగించి చూశాను. ఒకటి పదిహేడుసార్లు, ఇంకొకటి పదమూడుసార్లు. అంతసేపూ అక్కడే ఉంది, నాకే కనబడలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తూ రోడ్డు మీద పోయే బండ్ల నంబర్లన్నీ చదువుకుంటూ వెళ్లాను.

ఆవిడ తియ్యగా మాట్లాడే మనిషి కాదు. సుద్దముక్కలు చీర కొంగున ముడేసుకునేవారు. మా చేతిలో రబ్బరు కనబడితే లాగేసుకునేవారు. "తుడపకు. ఒక గీత కొట్టి కింద మళ్లీ చెయ్యి. ఎక్కడ తప్పావో నీ కంటికి కనబడాలి," అనేవారు. విసుక్కునేవారు, ఒక్కోసారి ఏడిపించేవారు కూడా. కానీ అడిగిందే పదిసార్లు అడిగినా ఒక్కనాడూ పొమ్మనలేదు.

సంక్రాంతి వెళ్లాక కోతలు ముమ్మరమై ఆదివారం కూడా చేలోకి వెళ్లాల్సి వచ్చింది. క్లాసు ఆగిపోయిందనుకున్నాం. సోమవారం పొద్దున్నే కూలీల ఆటో దగ్గరికి వెళ్తే, మోకాలికి గుడ్డ కట్టుకుని ఆవిడ ముందే ఎక్కి కూర్చున్నారు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గట్టు మీద పాఠం. పలక మీద చెయ్యి ఆనితే చాలు, కాయలు కోసిన వేళ్లు భగ్గుమనేవి. మజ్జిగలో ముంచుకుని రాసేవాళ్లం. మూడో రోజు చేను గల రైతు వచ్చి చూశారు.

"ఏంటి టీచరు గారూ, నా చేలో బడి పెట్టారు?"

"అన్నం తినే అరగంటేనండీ. మీ పని నిమిషం ఆగదు."

"ఈ వయసులో వీళ్లకి లెక్కలెందుకండీ?"

ఆవిడ తిరిగి అడిగారు. "కాయలు ఎండబోసే మీ కళ్లం ఎంతుంటుంది?"

"పొడుగు తొంభై అడుగులు, వెడల్పు యాభై నాలుగు."

"దాని నిండా ఒకే కొలత చదరపు టార్పాలిన్ పట్టాలు పరవాలి. మడవకూడదు, కత్తిరించకూడదు, నేల కనబడకూడదు. అన్నిటికన్నా పెద్ద పట్టా ఎంతది పడుతుంది?"

ఆయన ఆలోచనలో పడ్డారు. ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. పుల్ల తీసుకుని మట్టిలో రాశాను. తొంభైని యాభై నాలుగుతో భాగిస్తే ముప్పై ఆరు మిగిలింది. యాభై నాలుగుని ముప్పై ఆరుతో భాగిస్తే పద్దెనిమిది. ముప్పై ఆరుని పద్దెనిమిదితో భాగిస్తే ఏమీ మిగల్లేదు.

"పద్దెనిమిది అడుగులదండి. అలాంటివి పదిహేను పడతాయి."

ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నారు. పొడుగునా ఐదు, అడ్డంగా మూడు. "సరిపోయిందే," అన్నారు నెమ్మదిగా. కాస్త దూరం వెళ్లి వెనక్కి తిరిగి, "రేపటి నుంచి ఎండలో ఎందుకు, మోటారు షెడ్డులో కూర్చోండి," అన్నారు.

ఆ సాయంత్రం ఆటోలో ఆవిడ తన సంగతి ఒకటి చెప్పారు. చిన్నప్పుడు ఒక మాస్టారు, మీ అమ్మ లాగే కోతలకి పోయేదానివి, నీకు లెక్కలెందుకే అన్నారట. "ఆయనకి మాటతో జవాబు చెప్పలేదు. ఆ ఏడాది క్లాసులో నాకే ఎక్కువ మార్కులు," అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఓపెన్ స్కూల్లో పరీక్ష రాశాను. మూడు మార్కులతో తప్పాను. ఎనిమిది మందిలో ఐదుగురు పాసయ్యారు. సిగ్గేసి వరండా వైపు వెళ్లడం మానేశాను. రెండు వారాలు చూసి ఆవిడే వచ్చారు.

"పోయినసారి ఎంత తగ్గింది?"

"ఏడు."

"ఇప్పుడు?"

"మూడండి."

"భాగహారం చేసుకుంటూ పోతే శేషం ఏమవుతుంది?"

"తగ్గుతుందండి."

"ప్రతిసారీ తగ్గుతుంది. అలా తగ్గేది ఎక్కడో ఒకచోట సున్నాకి రాక తప్పదు. మధ్యలో ఆపేస్తేనే రాదు. లే, పద."

మరుసటి పరీక్షలో యాభై రెండు మార్కులు వచ్చాయి. పరుగెత్తుకుంటూ వెళ్లి చెబితే మొదట, "ఏ లెక్కలు తప్పావు?" అన్నారు. తర్వాత, "కూర్చో, టీ పెడతాను," అని లోపలికి వెళ్లారు. ఆ టీలో పంచదార వెయ్యడం మర్చిపోయారు. ఇద్దరం అలాగే తాగాం. ఆ ఏడాది చివర్లోనే నాకు ఈ ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఏటా ఎవరో ఒకరు ఆ వరండాలో కూర్చుంటూనే ఉన్నారు. రెండేళ్లుగా ఆవిడకి చూపు తగ్గింది. అంకెలు గట్టిగా చదవమని, మనసులోనే భాగించుకుని, "మూడో మెట్టు దగ్గర తప్పావు, చూసుకో," అనేవారు. తప్పు అక్కడే ఉండేది.

బుధవారం మధ్యాహ్నం సమాధి చేశాం. ఈ ఏడాది ఆవిడ దగ్గర చదువుతున్న ఏడుగురు కూలి పని మానుకుని వచ్చారు. మర్నాడే వాళ్లకు లెక్కల పరీక్ష. ప్రార్థన అయ్యాక వాళ్లలో నలభై ఏళ్లావిడ నా దగ్గరికి వచ్చి, "రేపు రాయాలా అక్కా? మనసు బాగోలేదు," అంది.

"రాయాలి," అన్నాను. "తప్పితే మళ్లీ రాయాలి. ఆదివారం నేను వరండాలో ఉంటాను."

ఆమె తలూపి, కళ్లు తుడుచుకుని, మిగతావాళ్లతో ఆటో వెనక సీట్లో నా వైపు తిరిగి కూర్చుంది. ఆటో కదిలింది. రోడ్డుకి రెండు పక్కలా పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఆమె ఎడమ అరచేయి తెరిచి, కుడిచేతి వేలితో అందులో ఏదో రాసుకుంటోంది. ఆగింది, పెదాలు కదిలాయి, మళ్లీ రాసింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆ వేలు కదులుతూనే ఉంది.