రెండో కొక్కేనికి వేలాడిన రొట్టె

ఆర్వో కొస్కెలా అసూయకు కారణం ఆడదీ కాదు, ఆస్తీ కాదు. ఒక యాలకుల రొట్టె. ఆ సంగతి చెప్పడానికి ఉత్తర మిన్నెసోటా మొత్తంలో నాకంటే తగినవాడు లేడు. హైస్కూలు మధ్యలో మానేశానని మా ఊళ్లో కొందరు నన్ను వెక్కిరిస్తారు గానీ, నిజానికి నాకు నేర్పడానికి పంతుళ్ల దగ్గర సరుకు అయిపోయింది.

మా ఊరి పార్కులో స్కీ దారి వేసేది ఆర్వోనే. మంచు పడడమే ఆలస్యం, స్నోమొబైల్ అనే మంచు బండి వెనక ఇనుప చట్రం తగిలించుకుని, కాళ్లకు కట్టుకునే స్కీ చెక్కలు జారేలా కొండ చుట్టూ రెండు గాడులు తీసేవాడు. రైలు పట్టాలంత తీరుగా ఉండేవి. ఒకసారి గూడ్సు బండి పొరబడి వాటి మీదికి ఎక్కేసిందని నేను చెబుతుంటాను. కాదన్నవాడెవడూ ఇంతవరకు సాక్ష్యం తేలేదు.

ఈ పనికి జీతం లేదు. దారి మొదట్లో చలి కాచుకునే గుడిసె ఉంది, దాని గోడకు ఒక కొక్కెం. స్కీలు వేసుకుని వచ్చినవాళ్లు దారి బాగుందనిపిస్తే ఆ కొక్కేనికి ఏదో ఒకటి సంచిలో పెట్టి తగిలించి పోయేవారు. ఎక్కువగా యాలకుల రొట్టె. ఆ రొట్టె తింటున్నప్పుడు ఆర్వో ముఖం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. అయితే ఆ గాడుల్లో ఎవరైనా బూట్లతో నడిచారో, చర్చిలో ఉమ్మేసినట్టే లెక్క. పాస్టరు గారు ఒకసారి కుక్కతో నడిచారని ఆ చలికాలమంతా ఆర్వో ప్రార్థనకే వెళ్లలేదు.

ఇంతలో లావు టైర్ల సైకిళ్లొచ్చాయి, మంచు మీద తొక్కేవి. సైకిళ్లు బాగుచేసే బ్రిటా పార్కు కింది అడవిలో చెట్ల మధ్యనుంచి సన్నటి మెలికల దారి వేసింది. కుర్రకారు ఎగబడ్డారు. వాళ్ల వెనక అమ్మలు, అమ్మల వెనక పాస్టరు గారు. గుడిసె గోడకు బ్రిటా కోసం రెండో కొక్కెం వెలిసింది.

"చూశావా డెల్?" అన్నాడు ఆర్వో నన్ను మోచేత్తో పొడిచి. "దాని రొట్టె మీద బాదంపప్పు!"

"చూశాను. వాసన కూడా చూశాను."

"ఇన్నేళ్లలో నాకెవడైనా ఒక్క పప్పు పెట్టాడా?"

"నీ పళ్ల మీద జాలితో పెట్టలేదేమోనయ్యా."

అతను నవ్వలేదు. నవ్వే పరిస్థితి కూడా కాదు. జనం దేనికొస్తే దానికే దారులు అని పార్కుల కమిటీ కొత్త పాట ఎత్తుకుంది. కొండ మీది చుట్టును సైకిళ్లకు ఇచ్చేద్దామా అని ఆలోచిస్తోంది. కొండ పోతే స్కీ వాళ్లకు మిగిలేది బల్లపరుపు మైదానం, అంటే ఆర్వో దారి చచ్చినట్టే. సోమవారం కమిటీవాళ్లు బ్రిటా దారి మీద స్వయంగా సైకిల్ తొక్కి చూసి, ఆ సాయంత్రమే తేల్చేస్తామన్నారు.

శనివారం మోకాలి లోతు మంచు పడింది. ఆ తర్వాత చలి ఎలా బిగిసిందంటే, మా కుక్క నీడ నేలకు అతుక్కుపోతే గోరువెచ్చని నీళ్లు పోసి ఊడదీశాను. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా టీవీల ముందు ఫుట్‌బాల్ ఆటకు అతుక్కుపోయి ఉండగా, ఆర్వో వాళ్ల నాన్న నాటి మంచు చెప్పులు కాళ్లకు కట్టుకున్నాడు. మంచులో దిగబడకుండా వాడే వెడల్పాటి కొయ్య చట్రాలు, మధ్యలో తోలు అల్లిక. వాటితో బ్రిటా దారి ఆ చివరినుంచి ఈ చివరిదాకా కసిగా తొక్కాడు. అడుగడుక్కీ ఒక తిట్టు. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని కాపలా కాశాను.

"ఎలా ఉందిరా?" అన్నాడు రొప్పుతూ.

వంగి చూసి నిపుణుడి తీర్పు చెప్పాను. "బ్రహ్మాండంగా పాడుచేశావు. రేపు ఇందులో సైకిలేం, దుప్పి కూడా నడవలేదు."

మా ఇద్దరికీ తెలిసింది స్కీ దారి ఒక్కటే. దాన్ని కాలితో తొక్కితే నాశనం. బ్రిటా మంచు అణిచే యంత్రం శనివారమే బెల్టు తెగి మూలపడిందనీ, ఆమె కమిటీకి రావద్దని చెప్పబోతోందనీ మాకేం తెలుసు? మంచు చెప్పులతో అణిచిన మంచు తెల్లారేసరికి బిగిసి సిమెంటు రోడ్డవుతుందనీ తెలియదు.

సోమవారం సాయంత్రం టౌన్ హాల్లో కమిటీ పెద్ద గారి బుగ్గలు ఎర్రగా వెలిగిపోతున్నాయి. "ఇంత చక్కటి దారి నా జన్మలో తొక్కలేదమ్మా బ్రిటా. ఎలా చేశావు?"

"నేను చేయలేదండీ. ఎవరో మంచు చెప్పులతో తొక్కి అణిచారు. కొయ్య చట్రం, తోలు అల్లిక గుర్తులు. ఎడమ దానికి తీగతో వేసిన కట్టు అచ్చు కూడా పడింది." బ్రిటా వెనక్కి, ఆర్వో వైపు తిరిగింది. "ఈ ఊళ్లో అలాంటివి ఎవరింట్లో ఉన్నాయి పెద్దాయనా?"

ఆర్వో కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "పాడుచేద్దామనే తొక్కాను! మీకు రొట్టెలొస్తుంటే కడుపు మండి తొక్కాను! చాలా?"

హాలంతా గొల్లున నవ్వింది. నేను కూడా నవ్వాను, కాపలా సంగతి బయటపడకుండా.

బ్రిటా మాత్రం కమిటీ వైపు తిరిగింది. "కొండ మాకొద్దండీ. అది స్కీ వాళ్లకే ఉంచేయండి. ఎలాగూ మా దారి మెలికల్లో నా యంత్రం సరిగా తిరగదు. మంచు పడ్డప్పుడల్లా ఈయనొచ్చి మా దారి ఇలాగే పాడుచేస్తే చాలు." ఆర్వోను చూసి కన్నుగీటింది. "ఏం, కడుపు అంత మండుతుందా ప్రతిసారీ?"

"నా కడుపు సంగతి నీకు తెలియదు," అన్నాడు ఆర్వో.

కమిటీ సరేనంది. కొండ నిలిచింది.

తర్వాతి మంచుకు కొండ మీద గాడులు తీసి, కింద దారి తొక్కి, ఆర్వో చెమటలు కక్కుతూ గుడిసెకొచ్చాడు. సాయం చేస్తానని నేను రెండడుగులు వేసినందుకే, నావి వంకరని అరిచి తరిమేశాడు. రెండు కొక్కేలకూ రెండు సంచులు వేలాడుతున్నాయి. రెండూ విప్పి చూసి, మొదటిదాని దగ్గర మొహం మాడ్చుకున్నాడు.

"చూశావా, ఇందులో ఇప్పటికీ పప్పు లేదు. ఆ సైకిల్ దారోడికి మాత్రం బాదం!"

"ఆ సైకిల్ దారోడు నువ్వేనయ్యా."

"ఎవడైతే ఏం?" అన్నాడు ఆర్వో. బాదం రొట్టెను పగతో కొరుకుతూ, పప్పు లేనిది నా ఒళ్లోకి విసిరేశాడు.