కోసిన చేనుకు కాపలా

పోయిన నెల మా ఆయన మందుల కోసం ఇద్దరం దవాఖానకు పోతే, నా చెల్లెలి కూతురి ఈడు డాక్టరమ్మ, రోజూ మాత్రలు తప్పకుండా వేసుకుంటూ పరీక్షలో హెచ్‌ఐవీ వైరస్ కనబడనంతగా అణిగి ఉంటే కలిసినా భార్యకు అంటదని, ఈ వేళ ఎండగా ఉందన్నంత మామూలుగా చెప్పింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

మాది నారాయణఖేడ్ అవతల సిర్గాపూర్ వైపు పల్లె. పట్నంలో మేస్త్రీ పనికి పోయివచ్చిన ఆయనకు ఈ జబ్బు బయటపడింది రెండువేల ఎనిమిది ప్రాంతంలో. నాకు లేదన్నారు. అప్పటికే ఒక బిడ్డ పుట్టి పోయింది, మళ్లీ కడుపు పండాలని ఎదురుచూస్తున్నాం. సర్కారు మందులతో మనిషి తేరుకుని మళ్లీ బస్తాలెత్తాడు గానీ, పడక మాత్రం కందిచేలో మంచె మీదికి మార్చుకున్నాడు. పందుల కాపలా అన్నాడు, సరేననుకున్నాం. కంది కోసి, కట్టె ఇంటికి చేరాక కూడా దిగిరాకపోయేసరికి ఊరంతా నవ్వింది. మా అత్తయితే నా గయ్యాళితనం పోవాలని చర్చిలో ప్రార్థన కూడా పెట్టించింది.

నేనేమీ ఊరుకోలేదు. మందులిచ్చేచోట సలహాలు చెప్పే మేడమ్‌ను పోయినప్పుడల్లా అడిగేదాన్ని, ఆయనకు నయమవుతుంటే నాకు ప్రమాదం తగ్గదా, బిడ్డను కనొచ్చా అని. ఆమె తల వంచుకుని, నిరోధ్ వాడండి, జాగ్రత్త అనేది, అంతే. వైరస్ ఎంతుందో చూసే పరీక్ష అప్పట్లో మాబోటివాళ్ల దాకా రాలేదు, పాపం ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు గనక. నిరోధ్ ఉంది కదా అంటే, చినిగితే ఎట్ల అని ఈయన భయం. ఒకనాటి పొద్దున జొన్నరొట్టెలు పట్టుకుని పోయి నేనూ మంచె ఎక్కి కూర్చున్నాను.

“దిగు. నీకేమన్న అయితే నేను బతుకలేను,” అన్నాడు.

“గిట్ల బతుకుడు గూడ బతుకుడేనా?” అన్నాను.

రొట్టెలు అందుకుని నన్ను కిందికి దింపేశాడు. చేను అమ్ముకున్నాక ఇంటికి వచ్చాడు గానీ, పడక వసారాలోనే. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు, అదొక బాధ.

దవాఖానలో ఇప్పుడు కొత్త జంటలు సిగ్గుపడకుండా అడుగుతున్నారు, సూటిగా జవాబు వింటున్నారు, చంకల్లో పిల్లలతో వస్తున్నారు. వాళ్లు చల్లగా ఉండాలి. ఆ రోజు తిరుగు బస్సులో మా ఆయన చాలాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు ముట్లు నిలిచి రెండేళ్లయింది.