వాగులో రాళ్ళు తిరగేసిన ఆదివారాలు

అమ్మ పోయాక నాకు ఆదివారాలు గడిచేవి కావు. మిగతా రోజుల్లో కాలేజీ ఉంటుంది. నూజివీడులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే ఉండేవాళ్ళం. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటావిడ తలుపు కొడితే "ఎవరండీ" అనబోయాను, మాట పెగల్లేదు. పొద్దుటి నుంచీ నోరు విప్పలేదని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతి ఆదివారం స్కూటీ తీసుకుని ఆగిరిపల్లి దారిలో, మామిడి తోటల మధ్య పారే వాగు దగ్గరికి వెళ్ళాను. వాగు బాగుందో లేదో తెలియాలంటే నీళ్ళు చూస్తే చాలదు, రాళ్ళ కింద ఏవి బతుకుతున్నాయో చూడాలని ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పేదాన్ని. నేను మాత్రం చదువుకునే రోజుల తర్వాత వాగులో కాలు పెట్టలేదు. చుడీదార్ మోకాళ్ళ దాకా మడిచి దిగాను. వానలు వెనకబట్టి నీళ్ళు తేటపడ్డాయి. ఒక రాయి తీసి తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో కడిగితే, మూడు తోకలున్న చిన్న పురుగులు అటూ ఇటూ పరుగులు తీశాయి. ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టుకున్నవి ఇంకొన్ని. ఇవన్నీ శుభ్రమైన నీళ్ళలోనే బతుకుతాయి. వాటిని చూస్తుంటే మధ్యాహ్నం దాటిపోయింది. ఆకలేసింది. అమ్మ పోయాక ఆకలేయడం అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. గట్టు మీది తోట కౌలుకి చేస్తున్నాయన ఒకరోజు ఆగి చూశాడు. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు.

"ఏం పోగొట్టుకున్నారండీ?"

"ఏమీ లేదండీ. పురుగులు చూస్తున్నాను."

"మా తోటలో బోలెడున్నాయి, పట్టుకుపోండి," అని పెద్దగా నవ్వాడు. కాలేజీలో పాఠాలు చెబుతానని తెలిశాక నా ఫోన్ నంబరు మాత్రం అడిగి తీసుకున్నాడు. పిల్లల చదువు గురించి ఎప్పుడైనా అడగొచ్చు కదా అన్నాడు.

చలికాలం వచ్చింది, తోటలు పూతకొచ్చాయి. ఒక పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. "మేడం గారూ, ఒకసారి వాగు దగ్గరికి రండి. చేపలు తేలిపోతున్నాయి."

నేను వెళ్ళేసరికి పరిగెలు, జెల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకి చేరి ఉన్నాయి. మందు వాసన ఇంకా పోలేదు. ఆయన గట్టు మీద గొంతుక్కూచుని ఉన్నాడు.

"నిన్న పూతకి మందు కొట్టించానండీ. మావాళ్ళు ట్యాంకు ఇక్కడే కడిగారు. ప్రతి ఏడూ ఇక్కడే కడుగుతాం, ఎప్పుడూ ఇట్టా అవలేదు."

"ఈ ఏడు నీళ్ళు తక్కువున్నాయి కదండీ."

చేతులకి గ్లవ్స్ వేసుకుని రాళ్ళు తీశాను. వాటి కింద ఒక్క పురుగూ కదల్లేదు. మూడు తోకల పురుగులు ముడుచుకుపోయి ట్రే అడుగున పడ్డాయి. ట్రే పట్టుకుని, ట్యాంకు కడిగిన చోటికి ఎగువన, మలుపు దాటి వెళ్ళాను. ఆయన నా వెనకే వచ్చాడు. అక్కడి రాయి ఇంకో ట్రేలో కడిగితే అన్నీ బతికే ఉన్నాయి. రెండు ట్రేలూ పక్కపక్కన పెట్టాను. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇవి మళ్ళీ వస్తాయా అండీ?"

"పైన బతికున్నాయి కాబట్టి నీళ్ళతో పాటు కొట్టుకొస్తాయి. మళ్ళీ మందు కలవకూడదు."

ఆ వారంలోనే ఆయన గట్టుకి బాగా దూరంగా గుంట తవ్వించి, ట్యాంకులు అక్కడ కడిగించడం మొదలుపెట్టాడు. నేను వెళ్తూనే ఉన్నాను. మొదట్లో ట్రేలో ఒట్టి మట్టే ఉండేది. తర్వాత దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులు వచ్చాయి. అవి మురుగులోనైనా బతుకుతాయి, సంతోషపడ్డానికి లేదు. పిందెలు గోళీలంత అయిన రోజుల్లో, ఒక రాయి అడుగున మూడు తోకలు కదిలాయి. ఒక్కటే, బియ్యపుగింజంత.

"అరె, చూడండి!" అని పైకే అనేశాను. చుట్టూ ఎవరూ లేరు. తోటలో ఎక్కడో మోటారు ఆడుతున్న చప్పుడు. ఫోన్ తీసి పేర్లు పైనుంచి కింద దాకా చూశాను. ఇలాంటి సంగతి ఫోన్ చేసి చెప్పడానికి నాకు అమ్మ తప్ప ఎవరూ లేరనిపించింది. చివరికి ఆయనకే చేశాను. మార్కెట్లో ఉన్నట్టున్నాడు, వెనక లారీల హారన్లు.

"వచ్చిందండీ, ఒకటి వచ్చింది," అన్నాను.

"ఎవరొచ్చారండీ?"

చెప్పాను. "మంచిదండీ, చాలా మంచిమాట చెప్పారు," అన్నాడు. ఇంతలో ఎవరో పిలిస్తే పెట్టేశాడు. ఆ పురుగుని నీళ్ళలో వదిలి, ఆ రాయి పక్కనే చాలాసేపు కూర్చున్నాను.

కాయ కోతలు అయిపోయాక ఆయన కౌలు తీరింది. రెడ్డిగూడెం వైపు వేరే తోట చూసుకున్నానని చెప్పి వెళ్ళాడు. ఈ ఏడు ఇక్కడ కొత్త కౌలుదారు వచ్చాడు. కుర్రవాడేం కాదు, నలభై ఉంటాయి. బైకు దిగకుండానే నా మాటలు విన్నాడు. తవ్విన గుంట వానలకి పూడిపోయింది. స్ప్రే ట్యాంకు ఎక్కడ కడుగుతారని అడిగాను.

"వాగుంది కదండీ," అన్నాడు.

ఒక్కసారి కిందికి దిగి రండి, రాళ్ళ కింద ఏముందో చూపిస్తానన్నాను. పని ఉంది, వచ్చే ఆదివారం చూద్దామన్నాడు. ఇంకా రాలేదు. పూతకి ఎంతో టైము లేదు. నేను మాత్రం వెళ్తున్నాను, గట్టు మీద బైకు చప్పుడు వినిపిస్తే తలెత్తి చూస్తున్నాను.