ఇద్దరి పథ్యం

కింది వాటాలో ఎవరో వాము వేయిస్తున్నారు. పసిబిడ్డకి జలుబు చేసినట్టుంది. ఆ ఘాటు మెట్లెక్కి నా గదిలోకి రాగానే చేస్తున్న పని ఆపేశాను. వేడి వాముని గుడ్డలో మూటకట్టి నా గుండెల మీద కాపడం పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సుద్దముక్క పొడి ఉండే ఆ చెయ్యి రత్నకుమారి టీచరుగారిది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. అయినా వాము వాసన తగిలితే నాకు ముందు ఏడుపొస్తుంది, ఆ తర్వాతే నా దగ్గు గుర్తొస్తుంది.

అప్పట్లో మేం గరివిడిలో ఉండేవాళ్ళం. నాన్నది ఫ్యాక్టరీ ఉద్యోగం. పక్క వాటాలో టీచరుగారు. మిషను బడిలో పాఠాలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవారు. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడట, పిల్లల్లేరు. నాకేమో ఊహ తెలిసిన నాటి నుంచీ ఉబ్బసం. చలికాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలు. విజయనగరం డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చారు. అది పీలిస్తే హాయిగానే ఉండేది, కానీ దాని పేరెత్తితే మా నాయనమ్మకి ఒళ్ళుమంట. "ఆడగుంట నోట్లో గొట్టమేటి? అలవాటైతే సచ్చేదాకా వదల్దు. రేపు పెళ్ళిసూపులకొచ్చినోళ్ళకి ఏటని సెప్తాం?" అనేది. నాన్న ఆవిడకి ఎదురు చెప్పే రకం కాదు. అమ్మ మాత్రం ఎవరు ఏది చెబితే అది తెచ్చేది. హోమియో మాత్రలు, అడ్డసరం ఆకు కషాయం, మిరియాలు నూరి కలిపిన తేనె, అన్నీ అయ్యాయి. మందు అనే మాట వింటేనే నాకు వాంతి వచ్చేది.

శ్రీముఖలింగంలో ఒక పెద్దాయన ఇచ్చే పొడితో ఎవరికో ఉబ్బసం పూర్తిగా తగ్గిపోయిందని అమ్మ చెవిన పడింది. నాన్నకి డ్యూటీ. టీచరుగారు బడికి సెలవు పెట్టి మాకు తోడొచ్చారు. వైద్యుడి ఇల్లు వంశధార గట్టుకి దగ్గర్లో ఉంది. ఆయన నా నాడి చాలాసేపు పట్టుకుని చూశాడు. మంచి మనిషే, మందుకి ఏమీ తీసుకోలేదు కూడా. మండలం, అంటే నలభై రోజుల పాటు పొడి తినాలన్నాడు. ఉప్పు, పులుపు, నూనె ముట్టకూడదు, ఇంగ్లీషు మందు అసలే కూడదు అన్నాడు. నా మొహం వాడిపోవడం టీచరుగారు చూశారు.

"గుంట ఒక్కర్తీ సప్పిడి కూడు ఎలాగ తింటాదండీ? దానితోపాటు నేనూ పథ్యం ఉంటాను. తప్పేటైనా ఉన్నాదా?" అని అడిగారు.

ఆయన నవ్వాడు. "ఉండమ్మా. కానీ కలిసి పట్టినోళ్ళది ఒకటే పథ్యం. ఒకరు తప్పితే ఇద్దరిదీ పోతాది."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఆవిడ కంచం పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. అమ్మ ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి చప్పిడి పప్పు, అన్నం వడ్డించేది. మొదటి ముద్ద మింగగానే ఆవిడ మొహం ఎలా పెట్టేవారో చూడాలి. నాకు నవ్వొచ్చి పొలమారేది. "నవ్వకే, గడ్డి తినే గేదెకి ఎంత ఓపికున్నాదో ఇప్పుడు తెలుస్తన్నాది" అనేవారు. చర్చిలో పెళ్ళి భోజనాలకి వెళ్ళి వట్టి అన్నం తిని వస్తే, పాస్టరుగారి భార్య ఉపవాస ప్రార్థన అనుకుని అందరికీ చెప్పేసిందట. ఆవిడ కాదనలేదు. ఎలా కాదంటారు, ఒక హిందువుల పిల్ల కోసం ముఖలింగం మందుకి పథ్యం ఉన్నానని చెప్పాలి కదా.

తిన్న తర్వాత నన్ను తన వాటాలోకి తీసుకెళ్ళి హార్మోనియం ముందు కూర్చోబెట్టేవారు. మెట్ల మీద వేళ్ళు ఆవిడవి, వెనక బెల్లోసు ఊపి గాలి కొట్టే పని నాది. "ఊపిరి లాక్కోడానికే కంగారు పడతన్నావు. ముందు వదలడం నేర్సుకో. నెమ్మదిగా పాడుతూ వదిలితే లోపలికి దానంతటదే వస్తాది" అనేవారు. ఒక్క స్వరం పట్టుకుని ఎంతసేపు ఉండగలనో అంతసేపు ఉండేదాన్ని. అది జబ్బు కుదిర్చిందని చెప్పను. కానీ ఊపిరంటే అంతవరకూ నాకు భయమే తెలుసు, అందులో ఇష్టం కూడా ఉంటుందని ఆ హార్మోనియం దగ్గరే తెలిసింది.

మండలం ఇంకొన్ని రోజుల్లో ముగుస్తుందనగా, మంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం నాకు ఆయాసం ముంచుకొచ్చింది. పొడి వేశారు, కాపడం పెట్టారు, తగ్గలేదు. మాట రావడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయని అమ్మ ఏడుస్తోంది, అయినా ఇన్‌హేలర్ తీయదు. "ఓర్సుకో తల్లీ, ఇన్నాళ్ళూ ఓర్సుకున్నావు" అంటోంది నాయనమ్మ. నాన్న నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. అమ్మ ఏడుపు విని టీచరుగారు తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చారు.

"సరోజా, ఆ మందెక్కడ పెట్టేవు?"

"ఇప్పుడు తప్పితే పడ్డ కష్టమంతా పోతాది టీచరుగారూ. నా సేతులతో నేనే దాని రాత పాడుసెయ్యలేను" అంది అమ్మ.

టీచరుగారు వంటింట్లోకి వెళ్ళి, ఆవకాయ జాడీ మూత తీసి, ఒక ముక్క తీసుకుని అమ్మ ఎదురుగా నిలబడి కొరికి నమిలారు. కారానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"నా పథ్యం పోయింది. కలిసి పట్టినోళ్ళది ఒకటే అన్నాడు కదా, దానిదీ పోయింది. తప్పింది నేను, నువ్వు కాదు. ఇంక ఇయ్యి" అని చెయ్యి చాపారు.

అమ్మ బియ్యం డబ్బా అడుగు నుంచి ఇన్‌హేలర్ తీసి ఆ చేతిలో పెట్టింది. ఆవకాయ నూనె అంటిన వేళ్ళతోనే టీచరుగారు దాన్ని నా నోటికి పట్టారు. కాసేపటికి ఊపిరి అందింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారంతా నా వీపు నిమురుతూ ఉన్నారు.

ఆ తర్వాత అమ్మ కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. మండలం నిండి ఉంటే తగ్గిపోయేదేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడు అంటుంది. అని, కళ్ళు తుడుచుకుంటుంది. ఇన్‌హేలర్ మాత్రం మళ్ళీ ఎప్పుడూ దాచలేదు. ఎవరైనా పిల్లకి ఉబ్బసమని ముఖలింగం వైద్యుడి ఆచూకీ అడిగితే చెబుతుంది, "పొడి పెట్టుకో, డాక్టరిచ్చింది మాత్రం ఆపకు" అని కూడా చెబుతుంది.

నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతుండగా టీచరుగారు గుండెపోటుతో పోయారు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగా ఉంది. నా కోసం నోరు కట్టుకున్నది ఆవిడే, నా కోసమే ఆ నేమం చెడగొట్టుకున్నదీ ఆవిడే. ఈ రెండో పని నా కోసం ఇంకెవరు చేస్తారు? ఇప్పుడు నాకు ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉంటుంది, బస్సులో పదిమందిలో తీసి పీలుస్తాను, సిగ్గుపడను. అంతవరకూ బాగానే ఉంది.

ఒక్కటే లోటు. బడికి బయల్దేరేముందు ఆవిడ రోజూ గోడ పక్కన ఆగి, "ఏటే, గాలి ఎలాగున్నాది?" అని అడిగేవారు. బాగున్నాది టీచరుగారూ అంటేనే కదిలేవారు. ఈ మధ్య నాకు నిజంగానే బాగుంటోంది. పొద్దున్నే లేచి గుండెల నిండా గాలి పీల్చి, ఆ మాట చెబుదామని చూస్తాను. చెప్పడానికి ఆవిడ లేరు.